గమ్మునుండమన్నది నేనే

నా వీడ్కోలు సభలో ఒక అబద్ధం చదివారు. చదివిన హెడ్మాస్టరు తప్పేమీ లేదు. ఆయన కొత్తగా బదిలీ మీద వచ్చినవాడు, ఫైల్లో ఉన్న కాగితం చూసి చదివాడు. ఆ కాగితం రాసింది నేను. కింద సంతకం నాది. జనం చప్పట్లు కొడుతుంటే నేను మెడలో బంతిపూల దండతో, ఒళ్లో శాలువాతో తలవంచుకుని కూర్చున్నాను. చూసినవాళ్లు వినయం అనుకున్నారు.

మోకాళ్లు అరిగి యాభై మూడేళ్లకే ఉద్యోగం వదులుకున్న పీఈటీని, ఆటల సారుని నేను. మాది ఐరాల వైపు. ఇరవై ఎనిమిదేళ్లు పిల్లలను ఎండలో నిలబెట్టి విజిల్ ఊది వరసలు కట్టించాను. ఇప్పుడు మెడలో విజిల్ వేసుకుని కొత్తగా ఈ ఉద్యోగంలో చేరుతున్నవాళ్లు ఉన్నారు కదా, వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఇందులో పతకాలేమీ లేవు. వాటి గురించి చెప్పేవాళ్లు మీకు చాలామంది దొరుకుతారు.

మా స్కూలు నగరికి దగ్గర్లో ఉంది. సగంమంది పిల్లలు మరమగ్గాల ఇళ్ల నుంచి వస్తారు. మగ్గాల ఇంటి పిల్లలకు మెల్లగా మాట్లాడటం రాదు. ఇంట్లో పొద్దున్నుంచీ నాలుగు మగ్గాలు కొడుతుంటే అమ్మను అన్నం అడగాలన్నా అరవాల్సిందే. ఆ అరుపే బడికీ తెస్తారు. పక్కవాణ్ణి రబ్బరు అడిగితే రోడ్డు మీద బస్సు డ్రైవరుకు వినిపిస్తుంది. ఈ గోలను అణచడమే నా ఉద్యోగమని నేననుకున్నాను. ఒక్క విజిల్‌తో నాలుగువందల మందిని రాతిబొమ్మల్లా నిలబెట్టగలనని నాకు మహా గర్వం. పక్క స్కూళ్ల హెడ్మాస్టర్లు ‘మీ పీఈటీని రెండు దినాలు మాకియ్యండప్పా’ అని అడిగేవారు కూడా.

ఆ అమ్మాయి ఆరో తరగతిలో చేరినప్పటి నుంచి నాకు తెలుసు. ఖోఖోలో ఎవరి చేతికీ దొరికేది కాదు. ఆట తెలియనివాళ్లకు ఒక్క ముక్క చెబుతాను. గడుల్లో కూర్చున్నవాళ్లు వెనక్కి తిరిగి చూడకూడదు. వెనక నుంచి తోటివాడు వీపు తట్టి ‘ఖో’ అంటేనే లేచి పరిగెత్తాలి. ‘కళ్లతో కాదురా, సెవితో ఆడండి’ అని రోజుకు పదిసార్లు అరిచేవాణ్ణి. ఇది గుర్తుపెట్టుకోండి. అరిచిన నేను మర్చిపోయాను.

ఏడో తరగతి చివర్లో ఆ పిల్లకు జ్వరం తగులుకుంది. మెదడుకు వాపు వచ్చి, చెన్నైలో రెండు నెలలు ఆసుపత్రిలో ఉంది. ప్రాణం దక్కింది, చూపు పోయింది. వెలుతురుకూ చీకటికీ తేడా కూడా తెలియకుండా పోయింది. ఆగస్టులో తల్లి చెయ్యి పట్టుకుని ఎనిమిదో తరగతికి వచ్చింది.

ఆమెను చూసి మా స్టాఫంతా తలొక రకంగా తయారయ్యారు. హిందీ మేడం ఆ పిల్ల ఎదురైన ప్రతిసారీ ముక్కు చీదుతూ ఏడ్చేది. నాలుగు రోజులు ఓర్చుకుని పిల్లే అడిగింది, ‘ఏం మేడం, జలుబు ఇంకా తగ్గలేదా?’ అని. లెక్కల సారు బోర్డు మీద అంకెలు వేసి ‘ఇందులోంచి ఇది తీసేస్తే ఇది’ అంటాడే తప్ప, ఏది ఏదో నోటితో చెప్పడు. ‘నోటితో సెప్పేదానికి ఇదేమన్నా తెలుగు వాచకమా’ అని నాతో వాదన. అప్పటి హెడ్మిస్ట్రెస్, మా హెచ్చెం మేడం, మంచి మనిషే గానీ భయస్తురాలు. ఆ పిల్ల బెంచీ మీంచి లేస్తే చాలు, ఆవిడ కుర్చీలోంచి లేచేది. వారానికోసారి ఒక ప్రత్యేక ఉపాధ్యాయురాలు వచ్చేది. మండలంలో ఇలాంటి పిల్లలందరికీ ఆమె ఒక్కతే. స్కూటీ మీద వచ్చి గంటసేపు చుక్కల అక్షరాలు తడిమించి, పోతూ పోతూ నాతో ‘పిల్లను పిల్లగా వదిలెయ్యండి సార్, మీరు ఎక్కువ సాయం చెయ్యొద్దు’ అని చెప్పిపోయేది. నాకు ఒళ్లు మండేది. వారానికి గంటసేపు కనబడే మనిషి వచ్చి నాకు చెబుతుందా?

మొదటి రెండు వారాలూ పిల్ల తంటాలు పడుతూనే తిరిగింది. స్తంభాలకు భుజం కొట్టుకునేది, ‘ఎవుర్రా అది అడ్డం’ అని స్తంభాన్నే తిట్టేది. అయినా కొళాయి దాకా పోయేది, మరుగుదొడ్డికి పోయేది, మధ్యాహ్నం పళ్లెం పట్టుకుని వరసలోకి వచ్చేది. పక్క బెంచీ అమ్మాయి చెయ్యి పట్టుకోబోతే విదిలించేసేది. ‘సెయ్యి ఇడుసు, నేనేమన్నా మేకనా?’

మూడో వారంలో ఆరో తరగతి పిల్లవాడొకడు పరిగెత్తుకుంటూ వచ్చి ఆమెను గుద్దేశాడు. ఆమె గడప మీద పడింది, కనుబొమ్మ పగిలింది. రక్తం చూసి హిందీ మేడం కూలబడింది. హెచ్చెం మేడం నన్ను పిలిచి, ‘సార్, రేపు ఇంకేమన్నా అయితే అందరూ నా మీదికొస్తారు. మీరే ఏదో ఒకటి చెయ్యండి’ అంది.

నాకు తెలిసింది ఒకటే పని. మరుసటి రోజు ప్రార్థన దగ్గర చెప్పాను. ‘ఆ పాప వరండాలోకి అడుగుపెడితే నేను విజిల్ ఊదుతా. ఎవురు యాడుంటే ఆడ నిలబడిపోవాల. దారియ్యాల. నోరు ఎత్తితే తోలు తీస్తా. గమ్మునుండాల. రెండు విజిళ్లు ఊదినాక మీ ఇష్టం.’

నాలుగు రోజుల్లో అది గడియారంలా సాగింది. ఆమె గుమ్మం దాటగానే విజిల్, వెంటనే స్కూలంతా చప్పుడు చచ్చిపోయేది. గోళీలు ఆడేవాళ్లు వంగినవాళ్లు వంగినట్టే ఆగిపోయేవారు. అన్నం వండే ఆయమ్మలు గరిటె గాల్లోనే పట్టుకుని నిలబడేవారు. ఆ నిశ్శబ్దం మధ్యలోంచి ఆ పిల్ల ఒక్కతే నడిచి పోతుంటే, తనిఖీకి వచ్చిన ఒక అధికారి కళ్లు తుడుచుకున్నాడు. ఎవరో సెల్‌ఫోన్లో వీడియో తీశారు. అది ఊరంతా తిరిగింది, మా బావమరిది చంద్రగిరి నుంచి ఫోన్ చేసి మెచ్చుకున్నాడు. ఎన్నిసార్లు చూసుకున్నానో చెప్పాలంటే సిగ్గేస్తుంది. ఒక్కసారి కూడా ఆ వీడియోలో నేను పిల్ల కాళ్లు చూడలేదు. నిలబడిపోయిన నాలుగువందల మందినే చూశాను. చూసి ఉంటే తెలిసేది, ఆమె అడుగు అడుగుకీ ఆగుతోందని.

పోనుపోను ఆమె నడక పాడైంది. గుమ్మం దాటి రెండడుగులు వేసి నిలబడిపోయేది. కొళాయికని బయల్దేరి ఏడో తరగతి గదిలోకి పోయేది. ఒక రోజు నా దగ్గరికి వచ్చింది. వచ్చింది అంటే, ఆఫీసు గదికి పోయి, అక్కడ అడిగి వచ్చింది.

‘సార్, విజిల్ ఊదొద్దు సార్.’

‘ఎందుకు?’

‘ఊదితే అందరూ యాడికి పోతారు సార్?’

‘యాడికీ పోలేదే. ఈడనే ఉండారు, నీకు దారిచ్చి.’

‘మరి నాకు తెలీదే?’

‘గమ్మునుండారు గాబట్టి తెలీదు.’

‘అదే సార్ నేను సెప్పేది.’

‘ఏంది నువ్వు సెప్పేది? వాళ్లు అరస్తా మీద పడితే మళ్లా నుదురు పగలగొట్టుకుంటావా? నాలుగువందల మంది నీ కోసం నిలబడతా ఉండారు. నీకు మాత్రం మొండితనం.’

ఆమె వెళ్లిపోయింది. వెళుతుంటే, అలవాటు కదా, విజిల్ ఊదాను.

ఆ తర్వాత ఆమె నీళ్లు తాగడం మానేసింది. నీళ్లు తాగితే మరుగుదొడ్డికి పోవాలి, పోతే నేను విజిల్ ఊదుతాను, దారి తప్పుతుంది. ఈ లెక్క నాకు అప్పుడు తెలియదు. ఒక రోజు దారి తప్పి, సమయానికి చేరుకోలేక వరండాలోనే బట్టలు తడుపుకుంది. నా విజిల్‌కు కట్టుబడి స్కూలంతా గమ్మున నిలబడి చూసింది. ఎవరైనా ఎగతాళి చేసి ఉంటే ఆ పిల్ల తిరిగి నాలుగు తిట్టి ఉండేది. ఎవరూ ఏమీ అనలేదు. అంత క్రమశిక్షణ నేర్పాను నేను.

ఇక హెచ్చెం మేడం భయం ముదిరిపోయింది. తల్లిని పిలిపించింది. దూరంగా హాస్టలు ఉన్న ప్రత్యేక పాఠశాల ఉందని, అక్కడికి పంపమని చెప్పింది. తల్లి బక్కపల్చని మనిషి, తలలో నూలు పీచు అంటుకుని ఉంది. మగ్గం దగ్గర్నుంచి అలాగే వచ్చేసింది.

‘అంత దూరం పంపీను మేడం. కండ్లుండేటప్పుడే పంపలేదు, ఇప్పుడు పంపుతానా? ఈడ సదివితే సదవతాది. లేకుంటే ఇంట్లో నా కాడ ఉంటాది.’

‘ఇక్కడ చదవాలంటే తన పని తాను చేసుకోవాలి కదమ్మా. మేం ఎంతసేపని వెనకాల తిరిగేది?’

చివరికి ఒక ఒప్పందానికి వచ్చారు. దసరా సెలవుల ముందు రోజు అందరి ఎదుటా పిల్ల తనంతట తాను తరగతి నుంచి మరుగుదొడ్డికి, అక్కడి నుంచి అన్నం పెట్టే చోటికి, మళ్లీ తరగతికి రావాలి. వస్తే ఉంటుంది. రాలేకపోతే నేను నివేదిక రాయాలి. అది రాస్తే ఆమె చదువు అంతటితో ముగిసినట్టే. ఆ సంగతి పిల్లకూ తెలుసు. ‘సరే’ అంది. ఒక్కటే అడిగింది, అన్నం గంట కొట్టే వేళకు పెట్టండి అని. గోల ఎక్కువగా ఉండే వేళ అది. ఎందుకు అడిగిందో నేను ఆలోచించలేదు. గోల ఎక్కువ కాబట్టి నేను ఇంకా గట్టిగా జాగ్రత్త పడాలని మాత్రం అనుకున్నాను.

ఆ రోజు వరండా చివర హెచ్చెం మేడం, తల్లి, లెక్కల సారు, నేను. గంట కొట్టగానే పిల్లలు పళ్లేలు పట్టుకుని వరండాలోకి ఎగబడ్డారు. పిల్ల గుమ్మంలోకి వచ్చింది. ఆమె తల కొంచెం ఎత్తి, చెవి పక్కకు తిప్పడం చూశాను. ముఖంలో ధైర్యం కనబడింది. నేను ఊపిరి పీల్చుకుని, నా జీవితంలోకెల్లా గట్టి విజిల్ ఊదాను.

గోల మొత్తం ఒక్కసారిగా తెగిపోయింది. ఆయమ్మలు గిన్నెలు కడుగుతున్న కొళాయి కూడా కట్టేశారు.

ఆమె ముఖం ఎలా మారిందో నాకు గుర్తుంది. నన్నే చూస్తున్నట్టు నా వైపు తిరిగింది. విజిల్ ఎక్కడి నుంచి వచ్చిందో అదొక్కటే ఆమెకు తెలుసు మరి. తర్వాత నడిచింది. కొళాయి దగ్గర కుడికి తిరగాలి, తిరగలేదు. వరండా మెట్లు దిగి మైదానంలోకి పోయింది. మధ్యలో చెయ్యి చాపి రెండుసార్లు ‘ఎవురన్నా ఉండారా?’ అని అడిగింది. పక్క బెంచీ అమ్మాయి నోరు తెరవబోయి నా చేతిలో విజిల్ చూసి మూసుకుంది. పిల్ల ఇంకా పోయి ఖోఖో కోర్టు చివరున్న కర్రస్తంభాన్ని తడిమింది. అక్కడి నుంచి నాలుగడుగులు వేసి నేల మీద కూలబడింది.

ఎంతసేపు అలా ఉందో తెలియదు. తల్లి పోయి లేపింది. రెండు విజిళ్లు ఊదేదాకా ఒక్క పిల్లవాడు కదల్లేదు.

నివేదిక నేనే రాశాను. ‘పాఠశాల సిబ్బంది, విద్యార్థులు అన్ని విధాలా సహకరించినప్పటికీ ఈ విద్యార్థిని స్వతంత్రంగా కదలలేకపోతున్నది.’ తల్లి నాకు దండం పెట్టింది. ‘మీరు మాత్రం ఏం జేస్తారు సార్. అంతమంది పిల్లోళ్లను మా బిడ్డ కోసం గమ్మున నిలబెట్టినారు.’

తర్వాత రెండు నెలలకు, బడి మానేసిన పిల్లల ఇళ్లకు పోయి కారణం రాసుకు రమ్మని కాగితం వచ్చింది. ఇలాంటి తిరుగుళ్లన్నీ పీఈటీ నెత్తినే పడతాయి, మీకూ పడతాయి. లెక్కల సారుకు సిలబస్సు ఉంటుంది, మనకేముందని వాళ్ల నమ్మకం. విసుక్కుంటూ బండి తీశాను.

వాళ్ల వీధి మొదట్లోనే మగ్గాల చప్పుడు చెవుల్లో కొట్టింది. ఇంటి ముందరి షెడ్డులో నాలుగు మగ్గాలు. గుమ్మంలో నిలబడి లోపలికి చూసి కాలు అక్కడే ఆగిపోయింది నాకు. ఆ పిల్ల మగ్గాల మధ్య సందులో నడుస్తోంది. మనిషి పక్కకు తిరిగితే తప్ప పట్టని సందు. రెండు పక్కలా యంత్రాలు కొడుతున్నాయి. చంకలో నూలు చుట్టిన కండెల బుట్ట. ఎక్కడా తడుముకోవడం లేదు. మూడో మగ్గం దగ్గర ఆగి వాళ్ల నాయన చేతిలో కండె పెట్టింది, ‘నాలుగోదాంట్లో పోగు తెగింది, పో నాయనా’ అని అరిచింది. ఆయన పోయి చూశాడు. తెగే ఉంది.

తల్లి నన్ను చూసింది. ‘సార్ వచ్చినారు, సార్ వచ్చినారు’ అంటూ కంగారుపడి గోడ దగ్గరికి పరిగెత్తి మెయిన్ స్విచ్ కట్టేసింది. మర్యాద కదా. సారు వస్తే మగ్గాలు ఆపాలి.

నాలుగు మగ్గాలూ ఆగిపోయాయి. సందు మధ్యలో పిల్ల అలాగే నిలబడిపోయింది. అంతసేపు తొట్రుపాటు లేకుండా నడిచిన పిల్ల ఒక్క చెయ్యి గాల్లోకి చాపింది. పక్కనున్న ఇనుప చట్రానికి బుట్ట తగిలి కండెలు దొర్లాయి.

‘అమా, కరెంటు పోయిందా?’

‘లేదు పాపా. బళ్లోంచి సార్ వచ్చినారు.’

‘పీఈటీ సారా?’

నేను ఇంకా నోరు తెరవలేదు. ‘నీకెట్ల తెలిసింది?’ అన్నాను.

‘మీరు యాడికి వస్తే ఆడ గమ్మునైపోతాది గదా సార్.’

వాళ్ల నాయన నవ్వి, ‘దానికి మగ్గాలే గుర్తులు సార్. ఒక్కోటి ఒక్కో తీరు కొడతాది. ఆ మూడోది నత్తి కొడతాది సూడండి’ అంటూ స్విచ్ వేశాడు. చప్పుడు మళ్లీ లేచింది. పిల్ల చాపిన చెయ్యి దించి, వంగి కండెలు ఏరుకుని, నేను నిలబడ్డ గుమ్మం వైపే తిన్నగా నడిచి వచ్చింది. నాకు రెండడుగుల దూరంలో ఆగింది. నేను కాలు మార్చినప్పుడు ఆ మోతలోనే నా చెప్పుల కిర్రు విందట.

బళ్లో ఆమెకు దారి ఏదో నాకు అప్పుడు తెలిసింది. కొళాయి నీళ్లు, గిన్నెల మోత, ఏడో తరగతి వాళ్ల ఎక్కాలు, మరుగుదొడ్డి ఇనుప తలుపు, మగ్గాల ఇంటి పిల్లల అరుపులు. ఒక్కోటి పేర్చుకుని రెండు వారాల్లో తయారుచేసుకున్న దారి అది. నేను దాన్ని విజిల్‌తో తుడిచేశాను. తుడిచేసి, నడవలేకపోతోందని నివేదిక రాశాను.

మరుసటి రోజు హెచ్చెం మేడానికి చెప్పాను. ఆవిడ తల పట్టుకుంది. ‘ఏంది సార్ ఇది! రెండు నెలల కిందట నడవలేదని మీరే రాసిస్తిరి. పైకి పంపేసినా. ఇప్పుడు నడుస్తాదని ఎట్లా రాసేది? అప్పుడు రాసింది తప్పని రాస్తే ఇద్దరి మెడకూ చుట్టుకుంటుంది.’

ఆ మాటకు నేను ఎదురు చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. కూర్చుని రెండో నివేదిక రాశాను. ‘వ్యాయామ ఉపాధ్యాయుని ప్రత్యేక శిక్షణ వల్ల విద్యార్థిని కదలికలో గణనీయమైన మెరుగుదల కనిపించినది.’ నా వీడ్కోలు సభలో చదివింది ఈ కాగితమే. ప్రత్యేక శిక్షణ! పిల్లలో మెరుగుపడింది ఏమీ లేదు. ఆగస్టులో ఎలా నడిచిందో జనవరిలోనూ అలాగే నడిచింది. మారాల్సింది నేను, మారాల్సిన సంగతి ఏ కాగితంలోనూ లేదు.

జనవరిలో ఆమె తిరిగి వచ్చింది. అర్ధసంవత్సర పరీక్షలు పోయాయి, నోట్సు పోయింది. బ్రెయిలీ మళ్లీ మొదటి నుంచి మొదలు. మొదటి రోజు నేను విజిల్ తీసి బీరువాలో పెట్టాను. ఆమె వరండాలోకి వచ్చింది. విజిల్ లేదు. అయినా స్కూలంతా గమ్మునైపోయింది! అలవాటు. నాకు పిచ్చెక్కింది.

‘మాట్లాడండ్రా!’ అని అరిచాను.

ఒక్కడు మాట్లాడితే ఒట్టు. ఇది కొత్త పరీక్ష అనుకుని ఇంకా బిగుసుకున్నారు.

‘ఒరే, గోల చెయ్యండ్రా! నేనే సెప్తా ఉండా గదా!’

ఒకడు భయంభయంగా చెయ్యెత్తి, ‘ఏమని చెయ్యాల సార్?’ అన్నాడు.

అప్పటికి ఇరవై ఏళ్లకు పైగా గోల మాన్పించినవాణ్ణి, గోల ఎలా చెయ్యాలో చెప్పలేక నిలబడ్డాను. వరండాలోంచి ఆ పిల్ల నవ్వడం వినిపించింది. చివరికి ఆయమ్మ ఒకామె విసుగొచ్చి, ‘యాడ పోయింది ఈ సారుకు మతి’ అంటూ గిన్నె కింద పడేసింది. ఆ మోతకు అందరూ నవ్వారు, నవ్వు అరుపులైంది. ఆమె కొళాయి దాకా పోయి, కుడికి తిరిగింది. మరుగుదొడ్డి తలుపు కిర్రుమంది. పది నిమిషాలకు పళ్లెం పట్టుకుని వరసలో నిలబడి ముందున్నవాణ్ణి జరగమని తిడుతోంది. అదే నడక దసరాకు ముందే నడిచి ఉండేది.

ఆమె పదో తరగతి ఇక్కడే పాసైంది. ఇప్పుడు పుత్తూరులో ఇంటర్ రెండో సంవత్సరం. తెల్ల కర్ర పట్టుకుని బస్సెక్కుతుంది. నా సభకు వచ్చిందని నాకు తెలియదు. అంతా అయ్యాక, దండలు మోసుకుంటూ మెట్లు దిగుతుంటే కర్ర చప్పుడు వినబడింది.

‘బాగా సదివినారు సార్ మీ గొప్ప’ అంది.

‘నేను రాసింది గాదు అది’ అనబోయాను. రాసింది నేనే. ‘ఏం జెయ్యమంటావు పాపా, అంతమంది ముందర?’ అన్నాను.

‘ఆ పొద్దు స్కూలందర్నీ గమ్మునుండమన్నారు. ఈ పొద్దు మీరే గమ్మునుండిపోయినారు.’

‘రాస్తాలే. జరిగింది జరిగినట్టు రాస్తా.’

‘రాసినాక నాకు సదివి ఇనిపించండి. మీరు రాసే కాగితాలు నాకు తెలుసు.’

నిన్న ఫోన్ చేసి ఇదంతా చదివి వినిపించాను. అటువైపు మగ్గాల మోత. ఓపిగ్గా వింది. స్తంభాన్ని తిట్టిన చోట నవ్వింది. బట్టలు తడుపుకున్న సంగతి తీసెయ్యమంటావా అని అడిగితే, ‘ఉండనీండి, మీకు సిగ్గు, నాకేం’ అంది. పరీక్ష రోజు గురించి చదువుతుంటే మాత్రం ఆపింది.

‘కూలబడింది అని రాసినారు. తప్పు సార్ అది.’

‘నేను కండ్లారా చూసినా గదా.’

‘మీరు సూసినారు. నేను కూలబడలేదు. సేతికి ఆ కర్ర పోలు తగిలింది. ఖోఖో కోర్టు అని తెలిసింది. అడుగులు లెక్కేసుకుని మొదటి గడిలో కూర్చున్నా. మీరు నేర్పించినట్టే, మోకాళ్లు మడిచి, సేతులు నేలకు ఆనించి. గుర్తు లేదా?’

గుర్తొచ్చింది. మోకాళ్లు మడిచే ఉన్నాయి. వేళ్లు నేలకు ఆనే ఉన్నాయి. ఇరవై ఎనిమిదేళ్లు ఖోఖో నేర్పినవాణ్ణి, ముప్పై గజాల దూరంలో నిలబడి చూశాను.

‘ఎందుకు కూర్చున్నావు?’ అని అడిగాను.

‘ఎనకనించి ఎవురో ఒకరు ఖో అంటారేమో అని సార్. ఎవురన్నా అనింటే ఆ దిక్కు పట్టుకుని లేసి వచ్చేసిందును.’

పైన రాసిన ‘కూలబడింది’ అన్న మాట కొట్టెయ్యలేదు. నేను చూసింది అదే కాబట్టి అలాగే ఉంచాను. జరిగింది మాత్రం ఆమె చెప్పినది.